ఒక సున్నా ఎక్కువ

చూపు ఏ రోజున పోయిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. నల్గొండలో ఒక డీటీపీ షాపులో పనిచేసేవాణ్ణి. పెండ్లిపత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు టైపు చేయడం నా పని. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది లెటర్‌హెడ్లు, రబ్బరు ముద్రలు, షాపు బోర్డులు అన్నిటిలోనూ పాత పేరు తీసి తెలంగాణ అని దిద్దే పని నెలల తరబడి నడిచింది. ఆ రద్దీలోనే పంక్తి చివరి అక్షరాలు కనబడకపోవడం మొదలైంది. తెర మీద మరక పడిందనుకుని బనీను గుడ్డతో తుడిచేవాణ్ణి. ఎంత తుడిచినా పోలేదు. దవాఖానకు పోతే డాక్టరమ్మ చాలాసేపు చూసి నీటికాసులు, అంటే గ్లకోమా అంది. ఆలస్యంగా వచ్చారు, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం అని చుక్కల మందు రాసింది. ఉన్నది కూడా రెండేళ్లకు మించి నిలవలేదు.

అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. ఒక చోట పెండ్లి మాటలు నడుస్తున్నాయి. అవి ఆగిపోయాయని ఎవరూ నాతో చెప్పలేదు. ఆ ఊరి పేరు మా ఇంట్లో వినబడడం మానేసింది, అంతే.

నల్గొండలో గది ఖాళీ చేసి కేతేపల్లికి, అన్న ఇంటికి వచ్చాను. అమ్మ, బాపు అంతకు చాలా ఏండ్ల ముందే పోయారు. విత్తనాల బస్తాలు, మందు కొట్టే పంపు పెట్టుకునే బయటి గదిని ఖాళీ చేయించి అన్న నాకు మంచం వేయించాడు. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అది నేను ఎక్కడైనా చెబుతాను. పొద్దున అన్న పొలానికి పోతూ గడప దగ్గర ఆగి "మంచిగున్నవా తమ్మీ?" అనేవాడు. "మంచిగున్న" అనేవాణ్ణి. మధ్యాహ్నం వదిన కంచం పెట్టి "అన్నం. నీళ్లు ఎడమ దిక్కు ఉన్నయ్" అనేది. సాయంత్రం అన్న చెప్పుల చప్పుడు. నన్ను నొప్పించకూడదని వాళ్లు తక్కువ మాట్లాడేవారు. వాళ్లకు బరువు కాకూడదని నేను ఇంకా తక్కువ మాట్లాడేవాణ్ణి. కొన్ని రోజులు పడుకునేముందు ఇవాళ నోటితో ఎన్ని మాటలన్నానని లెక్క చూసుకుంటే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి.

హైదరాబాదులో చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే చోటొకటి ఉందని ఎవరో చెబితే అన్న తీసుకుపోయి మూడు నెలలు ఉంచాడు. నేర్పే సారుకు పుట్టుకతోనే చూపు లేదు. ఆయన మాకు బొమ్మలు, కిటికీలు ఉండే కంప్యూటర్ కంటే ముందు లినక్స్ నల్లతెర నేర్పాడు. అందులో మౌసు పని లేదు. ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొడితే కంప్యూటర్ జవాబును అక్షరాల్లో ఇస్తుంది. ఆ అక్షరాలను ఒక ప్రోగ్రాము గొంతుగా మార్చి చదువుతుంది. "గీ తెర ముంగట కండ్లున్నోడు, లేనోడు ఒక్కటే" అనేవాడు సారు. డీటీపీ చేసిన చేతులు కాబట్టి కీబోర్డు నాకు కొత్త కాదు. వచ్చేటప్పుడు ఎవరో వద్దని ఇచ్చేసిన పాత కంప్యూటరొకటి నాకిచ్చి పంపాడు. అందులో మెమరీ అర జీబీ మాత్రమే.

ఆ తర్వాత నా రోజులు మారాయి. పొద్దున అన్న వెళ్లగానే కంప్యూటర్ వేసి, అది మాట్లాడడం మొదలుపెట్టాక సాయంత్రం దాకా వింటూ కూర్చునేవాణ్ణి. ఫోనును తగిలించి నెట్టు పెట్టుకుంటే వార్తలు, పాఠాలు, ఎక్కడెక్కడి మనుషులో రాసిన ఉత్తరాలు అన్నీ చదివి వినిపించేది. అది ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు గొంతు. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. అలవాటయ్యాక ఎంత వేగంగా చదివినా అందుకునేవాణ్ణి.

కొన్ని నెలలకు ఆ గొంతు ఆలస్యంగా రావడం మొదలైంది. నేను నాలుగు అక్షరాలు కొట్టాక మొదటి అక్షరం వినబడేది. ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి లోపల డిస్కు గరగర తిరిగేది. చూపున్నవాళ్లకు అది కాస్త విసుగు, అంతే. నాకు మాత్రం ఆ రెండు మూడు సెకండ్లు ఎదుట ఏమీ లేనట్టే ఉండేది. యంత్రం బతికి ఉందా, నేను కొట్టింది చేరిందా అన్నది తెలిసేది కాదు.

సారుకు రాస్తే జవాబు రాశాడు. కంప్యూటర్లో అన్ని ప్రోగ్రాములకూ అడుగున కెర్నల్ అని ఒకటి ఉంటుంది. ఎవరికెంత మెమరీ, ఎవరి వంతు ఎప్పుడు అన్నది అది చూసుకుంటుంది. మెమరీ చాలనప్పుడు కొంత సరుకును తీసి డిస్కులో పెడుతుంది. మళ్లీ కావాలంటే అక్కడినుంచి తెచ్చుకోవాలి, ఆలస్యం అందుకే. ఎంత తొందరపడి డిస్కులో పెట్టాలన్న దానికి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను తగ్గించమన్నాడు సారు. నల్లతెర మీద సిస్‌సీటీఎల్ అనే ఆజ్ఞ కొట్టి పక్కన ఆ అంకె పేరు రాస్తే ఇప్పుడెంత ఉందో చెబుతుంది. నాది అరవై అని చెప్పింది. పది చేశాను.

ఎంటర్ కొట్టిన మరుక్షణం పెద్ద తేడా ఏమీ తెలియలేదు. పావుగంట తర్వాత తెలిసింది. వేలు పడుతుంటే అక్షరం వెంటనే పలుకుతోంది. నేను వేగం పెంచాను, గొంతు కూడా నా వెంటే వచ్చింది. ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను.

సాయంత్రం అన్న చెప్పుల చప్పుడు వినగానే బయటికి వచ్చాను.

"అన్నా, కంప్యూటర్ లోపలి సంగతి ఒకటి మార్చిన. ఇప్పుడు మంచిగ మాట్లాడుతాంది."

"అట్లనా? మంచిదాయె తమ్మీ" అన్నాడు. తర్వాత బకెట్టులో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడింది. ఆయన తప్పేమీ లేదు. నేను లోపలికి వచ్చాను.

ఆ తర్వాత నాకు ఆ అంకెల పిచ్చి పట్టింది. అవి వందల్లో ఉంటాయి. ఒక్కొక్కటీ ఏంచేస్తుందో వెతికి చదివేవాణ్ణి, మార్చి చూసేవాణ్ణి, మళ్లీ పాతది పెట్టేవాణ్ణి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఆజ్ఞతో మార్చిన అంకె కంప్యూటర్ ఆపి వేస్తే పోతుంది. ఎప్పటికీ ఉండాలంటే ఒక ఫైలులో రాసిపెట్టాలి. లేచినప్పుడల్లా కంప్యూటర్ ఆ ఫైలు చూసుకుని అంకెలను సర్దుకుంటుంది. ఊళ్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు, నా మాటతో ఏదీ మారదు. ఇక్కడ మాత్రం నేనొక అంకె చెబితే అడుగున ఉన్నది కూడా మారుతుంది. ఆ సంబరం ఇంకొకరికి చెబితే నవ్వుతారు.

ఒక చోట ఎవరో రాశారు, మెమరీలో కొంత భాగం ఎప్పుడూ ఖాళీగా ఉంచమని కెర్నల్‌కు చెబితే శబ్దం ఇంకా సాఫీగా వస్తుందని. అందుకు కిలోబైట్లలో ఒక అంకె ఇచ్చారు. 65536. అప్పటికి నాకు ధైర్యం ఎక్కువైంది. ముందు ఆజ్ఞతో పెట్టి చూసుకోవాలన్న జాగ్రత్త వదిలేసి నేరుగా ఫైలులో రాశాను. రాసింది తిరిగి వినలేదు. ఇప్పుడే అమలు చేయి అని ఎంటర్ కొట్టాను. గొంతు ఆ అంకె పేరులోని మొదటి ముక్క "వీఎం" అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయింది.

కాసేపు ఆగాను. అక్షరాలు కొట్టాను, పలకలేదు. ఆపి మళ్లీ వేశాను. ఫ్యాను తిరుగుతోంది, పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, మాట మాత్రం లేదు. పదిసార్లు వేశాను. ఫైలులో రాసింది కాబట్టి లేచిన ప్రతిసారీ అదే తప్పును అది మళ్లీ చేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ ఫైలు తెరిచి దిద్దాలంటే గొంతు కావాలి, గొంతు రావాలంటే ఆ ఫైలు దిద్దాలి.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. మంచం మీద పడుకుని వీధిలో ట్రాక్టర్లు పోతుంటే వింటూ ఉన్నాను. అంతకుముందు ఏడాది పాటు నేను మనుషుల మధ్య ఉన్నాననుకున్నదంతా ఆ పెట్టెలోనే ఉందని ఆ రెండు రోజుల్లో తెలిసింది. మూడో రోజు సారుకు ఫోన్ చేశాను.

"ఇంట్ల కండ్లున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఉన్నరు సార్. కని ఇంగ్లీషు చదివెటోళ్లు లేరు."

"చదువుడు ఎందుకయ్యా? అక్షరాలు గుర్తువట్టి చెప్తే చాలు. చదువుకునుడు నువ్వు చదువుకుంటవు గద."

అన్న కల్లంలో వడ్ల దగ్గర ఉన్నాడు. వదిన కంచం తెచ్చి ఎప్పటిలాగే నీళ్లు ఎడమ దిక్కు అని చెప్పి వెళ్లబోయింది.

"వదినా, జర ఆగు" అన్నాను.

ఆగింది. ఆమెను వదినా అని నేను పిలిచి ఎన్నాళ్లయిందో.

"నీకు ఏబీసీడీలు వస్తయా?"

"వస్తయ్. ఏడో తరగతి దాంక చదివిన. ఎందుకు?"

సంగతి చెప్పాను. నాకు తెర ఒకటి చదివి పెట్టాలని అడిగాను. "పొయ్యి మీద పప్పున్నది, దించొస్త" అని వెళ్లింది. రాదేమో అనుకున్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన స్టూలు లాక్కుంది.

నేను కంప్యూటర్ వేశాను. "ఏం కనవడుతాంది?"

"నల్లగుంది తెరంత. తెల్ల అక్షరాలు జరజర మీదికి పోతున్నయ్. ఆగినయ్."

"ఆఖరి వరస చదువు. ఒక్కొక్కటి."

"ఓ... యు... టి. జాగా ఉన్నది. ఓ, ఎఫ్. మళ్ల జాగా. ఎం, ఇ, ఎం, ఓ, ఆర్, వై." కూడబలుక్కుంటూ చదువుతోంది. "రెండు చుక్కలు ఒకదాని కింద ఒకటి. కె, ఐ... గిది ఒకటో, ఎల్లో తెలుస్తలేదు. రెండున్నయ్ గట్లనే."

"ఎల్. రెండూ ఎల్‌లే. కిల్డ్."

"అంటే ఏంది?"

"మెమరీల జాగా చాలక లోపల నడిచేటిదాన్ని ఒకదాన్ని సంపిందట."

"అయ్యో. దేన్ని?"

"మాట్లాడేదాన్ని."

"మరి బతుకుతదా?" అంది.

బతుకుతుందని చెప్పాను. దారి సారు చెప్పాడు. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట కొన్ని సెకండ్లు ఒక జాబితా చూపిస్తుంది. అప్పుడు ఒక మీట నొక్కి, ఒక వరస చివర చిన్న మాట చేర్చితే, అది పూర్తిగా లేవకుండా, నేను పాడుచేసిన ఫైలు జోలికి పోకుండా, ఒట్టి ఆజ్ఞల తెర దగ్గర ఆగుతుంది. జాబితా వచ్చిన క్షణం వదిన నాకు చెప్పాలి. మొదటిసారి ఆమె "వచ్చింది" అనేలోపే పోయింది. రెండోసారి జాబితా రాకముందే నేను నొక్కేశాను. మూడోసారి నా భుజం మీద చెయ్యి పెట్టి కూర్చుంది. జాబితా రాగానే మాట కంటే ముందు చెయ్యి నొక్కింది. దొరికింది.

"అక్షరాలు మస్తుగున్నయ్ గిప్పుడు."

"ఎల్, ఐ, ఎన్, యు, ఎక్స్ అని మొదలయ్యే వరస ఎన్నోది?"

వేలితో తెర మీద గీసుకుంటూ లెక్కపెట్టింది. గోరు అద్దానికి తగిలే చప్పుడు నాకు వినబడింది. ఆ వరసకు పోయి, చివరికి పోయి, మాట చేర్చాను. నేను కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఆమె తిరిగి చదివింది. వాలు గీతను "పక్కకు ఒరిగిన గీత" అంది. సమానం గుర్తును "జోడు గీతలు" అంది. యంత్రం లేచి ఆగింది. ఫైలు తెరిచాను.

"కింది వరస చదువు వదినా. అంకెలు మాత్రం."

"ఆరు, ఐదు, ఐదు, మూడు, ఆరు, సున్న."

"మళ్లొకసారి."

"ఆరు, ఐదు, ఐదు, మూడు, ఆరు. సున్న."

ఆ సున్నా ఉండకూడదు. అరవై ఐదు వేల చిల్లర రాయాల్సింది ఆరు లక్షలు దాటించాను. కంప్యూటర్లో ఉన్న మొత్తం మెమరీ కంటే ఎక్కువ ఖాళీగా ఉంచమని చెప్పాను. అది పాపం నా మాట విని ఉన్నవాటినన్నిటినీ చంపుకుంటూ పోయింది.

సున్నా కాదు, వరసంతా తీసేశాను. ఫైలు సేవ్ చేసి, ఆపి, మళ్లీ వేశాను. అరనిమిషం తర్వాత ఆ ముక్కు గొంతు పలికింది. నాకు కండ్లలో నీళ్లు వచ్చాయి. వాటికి అదొక్కటే పని మిగిలింది.

"గిదేనా?" అంది వదిన. "గీ గొంతేనా రోజు గోడవతల ఇనవడేది? నేను ఏడాదిసంది నువ్వు ఫోన్ల ఎవరితోనో మాట్లాడుతున్నవనుకున్న. నీకు దోస్తులు మస్తుమంది ఉన్నరు, మధ్యల పోయి ఎందుకు కదిలించాలె అని ఊకున్న."

ఎవరూ లేరని చెప్పాను.

ఆమె లేచిపోలేదు. తెలుగు మాట్లాడుతుందా అని అడిగితే మార్చి వినిపించాను. "బస్టాండుల బస్సులు చెప్పే ఆమె లెక్కనే ఉన్నది" అని నవ్వింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆమె పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర. ఏడో తరగతిలో ఇంగ్లీషు టీచరమ్మ ఆమె దస్తూరి చూసి కాపీ పుస్తకం తరగతిలో అందరికీ చూపించిందట. ఆ ఏడాది వానల్లేక ఇంటిల్లిపాదీ పనికి వలస పోతే బడి అక్కడితో ఆగిందట.

"గీ ఇంటికొచ్చి పన్నెండేండ్లాయె. గిది చదువు అని నాకు ఎవరూ ఒక్కనాడు ఇయ్యలే. కరెంటు బిల్లు సుత మీ అన్ననే సూస్తడు. వస్తయో రావో అని నాకే అనుమానముండె" అంది.

కంచంలో అన్నం చల్లారిపోయింది. వేడిది పెట్టుకొస్తానని తీసుకుపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు మధ్యాహ్నాలు కాసేపు వచ్చి కూర్చునేది. పురుగుమందు సీసాల మీద రాసినవి చదివేది, నేను అర్థం చెప్పేవాణ్ణి. ఓపెన్ స్కూల్ పదో తరగతి రాస్తానంటే అన్న "ఇప్పుడెందుకు?" అన్నాడు కానీ అడ్డు చెప్పలేదు. ఫీజు తనే కట్టి వచ్చాడు. ఆమె రాసింది. ఇంగ్లీషు పాసైంది, లెక్కలు పోయాయి. మళ్లీ రాయమని నేను ఫోనులో ఎంత చెప్పినా వినలేదు. అప్పటికి నేను ఆ ఇంట్లో లేను.

సారు మాట సాయంతో మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో నాకు పని దొరికింది. ల్యాబులో అన్నీ పాత కంప్యూటర్లు. పిల్లలు రెండు ప్రోగ్రాములు తెరిస్తే ఆగిపోయేవి. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని నల్లతెర మీదినుంచి ఒక్కొక్కదానిలోకి పోయి, అడుగున అంకెలు సర్దుతాను. ముందు ఆజ్ఞతో పెట్టి ఒక రోజు చూస్తాను. ఫైలులో రాశాక రెండుసార్లు వింటాను. ల్యాబు ఇప్పుడు బాగానే నడుస్తోంది. బాగా నడుస్తున్నంతకాలం నా దగ్గరికి ఎవరూ రారు. ప్రిన్సిపాల్ మంచివాడే, వరండాలో ఎదురైతే భుజం తట్టిపోతాడు. ఆయన అని నాకు సెంటు వాసనను బట్టి తెలుస్తుంది.

కిరాయి గది కాలేజీకి దగ్గరే. వదినకు మొదట్లో రోజూ ఫోన్ చేసేవాణ్ణి. ఆమెకు పనులు, పొలం. మాటలు తగ్గాయి. తిన్నవా, తిన్న, అన్న మంచిగున్నడా, ఉన్నడు. ఇద్దరి మధ్య చదవడానికి ఒక తెర ఉన్నప్పుడు వచ్చినన్ని మాటలు ఫోనులో రావని నాకు తెలిసింది. ఆమెకూ తెలిసే ఉంటుంది. ఒకసారి ఉన్నట్టుండి "నీ కంప్యూటర్ ఇప్పుడు ఆగుతలేదా?" అని అడిగింది. ఆగడం లేదన్నాను. "మంచిదే" అంది. ఆగుతోందని అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఫోన్ పెట్టేశాక అనిపించింది.

ఆదివారాలు రైల్వే స్టేషనుకు పోతాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుంటే మనుషుల మాటలు వినబడతాయి. మూటలు సర్దుకునేవాళ్లు, పిల్లలను కోప్పడేవాళ్లు, ఫోనులో బండి ఇంకా రాలేదని చెప్పేవాళ్లు. మొన్న ఒకావిడ నా పక్కన కూర్చుని "ఎక్కడిదాంక పోతవు బిడ్డా?" అని అడిగింది. ఎక్కడికీ పోనని చెప్పడానికి నోరు రాలేదు. షాద్‌నగర్ అన్నాను. తనూ అటే అంది. బండి వచ్చాక చెయ్యి పట్టుకుని నన్ను జాగ్రత్తగా ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. నేను దిగలేకపోయాను. టికెట్టు లేకుండా షాద్‌నగర్ దాకా ఆమె కూతురి సంగతులు, బర్రె సంగతులు, మోకాళ్ల నొప్పుల సంగతులు వింటూ పోయాను. అక్కడ దిగి, టికెట్టు కొనుక్కుని, వెనక్కి వచ్చే బండి కోసం సాయంత్రం దాకా కూర్చున్నాను.